గెడ్డను బాగుచేద్దామనుకునేవాళ్లు వినకూడని సలహాలు

ఊరు పెరిగేకొద్దీ గెడ్డ గురించి, అంటే ఊరి వాగు గురించి, సలహాలిచ్చేవాళ్లూ పెరుగుతారు. గజపతినగరంలో రోడ్డు వెడల్పు చేసినా, పొలం లేఔటుగా మారినా, పాత పెంకుటిల్లు పడగొట్టి మూడంతస్తులు లేపినా, అక్కడి వాడుక నీరు కాలవలోకి, కాలవ గెడ్డలోకి, గెడ్డ చంపావతి ఏటిలోకి పోవలసిందే. దిగువన నెల్లిమర్ల దగ్గర అదే ఏటి ఇసుకలో బావులు పెట్టి విజయనగరానికి తాగునీరు తోడుతున్నారు. మన కాలవకీ వాళ్ల బిందెకీ మధ్య దూరం అంతే. అందుకే ఈ కింది సలహాలు ఎవరిచ్చినా, ఎంత మంచి మనసుతో ఇచ్చినా, సరేననకండి.

“ముందు జేసీబీ పెట్టి పూడిక తీయించండి.” అందరి నోటా మొదట వచ్చేది ఇదే. కంటికి కనబడే పని, ఫొటోకి పనికొచ్చే పని. నల్లటి బురద ఎత్తి గట్టు మీదే కుప్పలు పోస్తారు. ఎండాకాలమంతా అది అక్కడే ఎండుతుంది. తొలకరి రెండు వానలకి మళ్లీ గెడ్డలోకే జారుతుంది. పూడిక తీయడం తప్పని నేననను, అది మొదటి పని కావడం తప్పు.

మొదటి పని దిగువ నుంచి ఎగువకి నడవడం. పొద్దున్న ఏడింటికి కల్వర్టు దగ్గర నిలబడి గొట్టాల మూతులు ఒక్కొక్కటీ చూడండి. సబ్బు నురగ వస్తుంటే అది స్నానాలదీ బట్టలదీ. మధ్యాహ్నం నూనె తెట్టు కడితే పైన హోటలుందన్నమాట. నీళ్లు బూడిద రంగులో ఉండి, గొట్టం అంచున తెల్లటి జిగురు పోగులు దూదిపింజల్లా వేలాడుతుంటే మాత్రం అది మరుగుదొడ్డి నీరని అనుమానించాల్సిందే. ఆ గొట్టం వెంట వెనక్కి వెళ్తే చాలాసార్లు కొత్త ఇల్లే కనబడుతుంది. “సెప్టిక్ ట్యాంకు కట్టించామండీ” అంటారు. కట్టించే ఉంటారు. కానీ ట్యాంకు ఆపేది మడ్డినే. పైన తేరి బయటికి వచ్చే నీటిలో రోగక్రిములు ఉండనే ఉంటాయి. ఆ నీరు, తాగునీటి బావికి దూరంగా, ఇంకుడు గుంతలోకి పోవాలి. కాలవలో కలిపేస్తే ట్యాంకు ఉన్నా ఒకటే, లేకపోయినా ఒకటే. రెండు మూడేళ్లకోసారి ఆ మడ్డి తోడించడం కూడా ఇంటివాళ్ల బాధ్యతే. తోడిన ట్యాంకరు దాన్ని ఎక్కడ వదిలిందో అడగడమూ వాళ్ల బాధ్యతే.

“బ్లీచింగ్ చల్లించండి, వాసన పోతుంది.” వాసన ఒక పూట తగ్గుతుంది. మురుగులోని మలినమే ఆ క్లోరిన్‌ని తినేస్తుంది, క్రిములకి మిగిలేది తక్కువ. చేపపిల్లలకి మాత్రం చేటు. బ్లీచింగ్‌కి సరైన చోటు తాగునీటి ట్యాంకు. అక్కడ కొలత ప్రకారం కలిపితే కుళాయి చివర లీటరుకు కనీసం 0.2 మిల్లీగ్రాముల క్లోరిన్ మిగలాలి. నీరు చెడితే ఏమవుతుందో ఈ జిల్లాలోనే చూశాం: 2024 అక్టోబరులో గుర్లలో అతిసారం ప్రబలి ప్రాణాలు పోయాయి, వందల మంది ఆస్పత్రుల పాలయ్యారు. చంపావతి నీరు తాగే ఊరది. ఉప ముఖ్యమంత్రి పవన్ కల్యాణ్ వచ్చి చూశారు. ఏటి గట్టున బహిర్భూమికి వెళ్లడం, చెత్త పోయడం గురించి అప్పుడు అందరూ మాట్లాడారు. ఆ మాటలు గుర్ల దగ్గరే ఆగిపోవడం నాకు బాధగా ఉంది. ఆ ఏరు గుర్ల ఒక్కదానిదే కాదు.

“పైన పలకలు వేసి మూసేయండి, దుకాణాలకి జాగా వస్తుంది.” మూత కింద మురుగు కుళ్లి విషవాయువులు పుడతాయి. అడ్డం పడిన చెత్త తీయడానికి చివరికి ఒక మనిషినే దింపుతారు. రక్షణ ఏర్పాట్లు లేకుండా అలా దింపడాన్ని నిషేధిస్తూ 2013లోనే చట్టం వచ్చింది. ఇక పెద్ద వాన పడితే మూసిన గెడ్డ తన నీళ్లను వీధిలోకే తోస్తుంది.

“కాగితాల్లో గెడ్డని నాలా అని రాయించుకోండి, స్థలం కలిసొస్తుంది.” ఈ సలహా మెల్లగా, చెవిలో చెబుతారు. మిగతా అన్నిటికంటే నాకు దీని మీదే కోపం. ఉమ్మడి రాష్ట్రంలో 2012లో వచ్చిన భవన నిబంధనల జీవో 168 వాగుకు 9 మీటర్లు వదలమంది, నాలాకు 2 మీటర్లు చాలంది. ఆ లెక్కన రాతలో పేరు మారితే గెడ్డకి ఒక్కో ఒడ్డున ఏడు మీటర్లు పోతాయి. ఆ ఏడు మీటర్లే వరదకి చోటు. లేఔటు మ్యాపు చేతికొచ్చినప్పుడు పాత ఎఫ్ఎంబీ (సర్వే కొలతల పుస్తకం) పక్కన పెట్టి చూసుకోండి.

“వాకింగ్ ట్రాకు వేసి లైట్లు పెడితే జనమే కాపాడుకుంటారు.” దీనికి సియోల్ చెయొంగ్యెచెయొన్‌ని ఉదాహరణ చూపిస్తారు. పైనున్న ఫ్లైఓవర్ పడగొట్టి 2005లో ఆ వాగును మళ్లీ తెరిచిన మాట నిజం. కానీ రెండు గట్ల వెంటా మురుగుకి వేరే గొట్టాలు వేశారు. ఎక్కువగా హాన్ నది నుంచే రోజుకి సుమారు 1,20,000 టన్నుల నీరు పంపులతో ఎత్తి అందులో వదులుతున్నారు. అహ్మదాబాద్‌లో సబర్మతి నిండుగా కనబడేది నర్మద నీళ్లతో. మనకి ఎత్తిపోయడానికి ఇంకో నది లేదు. గొట్టాల సంగతి తేలాక ట్రాకు వేసుకుందాం, నాకేం అభ్యంతరం లేదు.

“గట్టు మీది గుడిసెలు లేపేస్తే సగం శుభ్రమైనట్టే.” 2024లో హైదరాబాదులో మూసీ ఒడ్డు ఇళ్ల మీద కూల్చివేతకని ఎర్ర రంగుతో గుర్తులు వేశారు. మూసీని నల్లగా మార్చింది మహానగరమంతటి మురుగు, ఫ్యాక్టరీల వ్యర్థాలు. ఇక్కడా అంతే. గుడిసెలో నీళ్లు బిందెలతో మోసుకుంటారు, వదిలే మురుగు ఎంతని! మూడంతస్తుల మేడ పైన ట్యాంకు నిండా నీళ్లుంటాయి, అవన్నీ కిందికి దిగేవే. గట్టు మీది వాళ్లు వరదకి మునుగుతారనే భయం నిజమే. దానికి ముందు వాళ్లతో మాట్లాడి, ఊళ్లోనే, పనికి దగ్గర్లో ఇల్లు చూపించాలి. అంతవరకు వాడుకోగల మరుగుదొడ్డి, చెత్త బండి వెళ్లే దారి ఇవ్వాలి. ఆ పక్కనే లేస్తున్న మేడ యజమానిని, ప్లాను మంజూరు కాకముందే, వాడిన నీరు ఎక్కడికి పంపుతారో చూపించమనాలి.