ఈ సలహాలు మళ్లీ ఎవరిచ్చినా వినకండి

2021 మే నెలలో మా బావకి కోవిడ్ వచ్చింది. ఇల్లు నరసరావుపేటలో, ఆస్పత్రి గుంటూరులో. ఆ రెండింటి మధ్య నేను. బెడ్డు దొరకలేదు, ఇంజెక్షన్ దొరకలేదు, కంటికి నిద్ర లేదు. సలహాలకు మాత్రం కరువు లేదు. చుట్టాలు, స్నేహితులు, మందుల షాపు కుర్రాడు, అందరూ ప్రేమతోనే చెప్పారు. మేం భయంతో విన్నాం. బావ బతికాడు. ఎడమ కన్ను పోయింది.

మేం విన్న ఆ సలహాలను వరసగా రాస్తున్నాను. ఏది ఎందుకు తప్పో, దాని బదులు ఏం చెయ్యాలో కూడా రాస్తున్నాను. మళ్లీ మహమ్మారే రానక్కర్లేదు. రేపు ఇంట్లో ఎవరికి డెంగీ వచ్చినా ఇవే మాటలు వినపడతాయి.

1. "జ్వరం రాగానే స్టెరాయిడ్ వేస్తే ఊపిరితిత్తుల దాకా పోదు"

వీధి చివర ఆర్ఎంపీ చెప్పిన మాట ఇది. జ్వరం వచ్చిన రెండో రోజే మాత్రలు మొదలుపెట్టించాడు. అప్పటికి బావ ఆక్సిజన్ 97. ఆయనకి పన్నెండేళ్లుగా షుగరుంది. నాలుగో రోజు రాత్రి అక్క గ్లూకోమీటరు పట్టుకొచ్చి, "ఇదేంట్రా, మిషను పాడైందా?" అని చూపించింది. 480. మిషను బాగానే ఉంది.

బ్రిటన్‌లో జరిగిన రికవరీ ట్రయల్ ఫలితాలు 2020 జూన్‌లోనే వచ్చాయి. డెక్సామెథసోన్ అనే స్టెరాయిడ్ వల్ల వెంటిలేటర్ మీదున్న వాళ్లలో మరణాలు సుమారు మూడో వంతు, ఆక్సిజన్ పెట్టిన వాళ్లలో ఐదో వంతు తగ్గాయి. ఆక్సిజన్ అవసరం లేని వాళ్లకి ఏ మేలూ కనపడలేదు. అంటే మందు మంచిదే, వేళ తప్పింది. వేళ తప్పిన స్టెరాయిడ్, కట్టు తప్పిన షుగరు కలిస్తే బ్లాక్ ఫంగస్‌కి తలుపు తీసినట్టే. 2021 మేలో ఆ కేసులు ఎంత పెరిగాయంటే తెలంగాణ ప్రభుత్వం దాన్ని తప్పనిసరిగా తెలియజేయాల్సిన జబ్బుగా ప్రకటించింది. కోఠి ఈఎన్‌టీ ఆస్పత్రి ముందు జనం బారులు తీరారు.

ఇలా చెయ్యండి: ఎవరు స్టెరాయిడ్ రాసినా మూడు ప్రశ్నలు అడగండి. ఆక్సిజన్ ఎంత ఉందని రాస్తున్నారు? ఎన్ని రోజులు వాడాలి? షుగరు రోజుకి ఎన్నిసార్లు చూడాలి? మొదలుపెట్టాక మాత్రం డాక్టరుకి చెప్పకుండా సొంతంగా ఆపెయ్యకండి.

2. "ముందు సీటీ తీయించండి, స్కోరు చెప్పండి"

ఆ నెలలో పలకరింపు కూడా అదే: "స్కోరెంత?" ఇరవై అయిదుకి ఎంత వచ్చిందన్నదే అందరికీ కావాలి. బావని మంచం మీంచి లేపి, మెట్లు దించి, స్కానింగ్ సెంటర్ బయట మూడు గంటలు కుర్చీలో కూర్చోబెట్టాం. స్కోరు 9 వచ్చింది. ఆ సాయంత్రం మా వైద్యంలో మారింది ఏమీ లేదు.

ఇలా చెయ్యండి: వేలికి పెట్టే ఆక్సీమీటరు కొనండి. పూటకోసారి చూసి కాగితం మీద వేళతో సహా రాయండి. ఆరు నిమిషాలు నడిపించి మళ్లీ చూడండి. 94 కంటే తగ్గితే, నడిచాక బాగా పడిపోతే, ఆస్పత్రికి బయల్దేరండి. పడిపోయే అంకె ముందు ఆక్సీమీటరులో కనపడుతుంది.

3. "ఎంతైనా పర్లేదు, ఇంజెక్షన్ తెచ్చెయ్యండి"

ఎనిమిదో రోజున బావ ఆక్సిజన్ 89. ఆస్పత్రిలో చేరిన గంటకి నా చేతిలో ఒక చీటీ పెట్టారు. లెటర్‌హెడ్ లేదు, డాక్టరు పేరు లేదు, సంతకం లేదు. "రెమ్‌డెసివిర్ 6 వయల్స్, అర్జెంట్." అంతే.

నాలుగు వయల్స్ గుంటూరులో తెలిసిన వాళ్ల ద్వారా దొరికాయి. మిగతా రెండూ విజయవాడ బస్టాండు దగ్గర, బండి మీద వచ్చిన ఎవరో కుర్రాడి దగ్గర, ఒక్కోటి ఇరవై అయిదు వేలకి కొన్నాను. రసీదు అడిగే ధైర్యం నాకు లేదు. తిరిగొచ్చేదాకా ఆ సంచీ ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాను. నాలుగున్నర గంటలు పట్టింది. ఆ నాలుగున్నర గంటలు బావ పక్కన ఎవరూ లేరు.

2020 నవంబరులోనే ప్రపంచ ఆరోగ్య సంస్థ, ఆస్పత్రిలో ఉన్న కోవిడ్ రోగులకు రెమ్‌డెసివిర్ వాడొద్దని షరతులతో కూడిన సలహా ఇచ్చింది. ప్రాణం నిలబెడుతుందనడానికి అప్పటికి ఆధారం లేదని దాని మాట. 2022లో కొత్త ఆధారాలు చూసి ఆ సలహాను సవరించింది. వైద్యంలో వాదం ఉండటం తప్పు కాదు. ఆ వాదం సంగతి మాకు ఒక్కరూ చెప్పకపోవడం తప్పు. అది సంజీవని అనుకుని పరిగెత్తాను.

ఆ రాత్రి నిజంగా పనికొచ్చిన వైద్యం నైట్ డ్యూటీ సిస్టర్ చేసింది. పీపీఈ కిట్‌లో లోపలికెళ్లిన నన్ను పిలిచి, "అన్నా, బోర్లా పడుకోబెడదాం, పట్టుకోండి" అంది. మెడ కింద ఒక దిండు, ఛాతీ నుంచి తొడల దాకా ఒకటి, కాళ్ల కింద రెండు. ఇరవై నిమిషాల్లో 88 మీదున్న అంకె 92కి వచ్చింది. దానికి రూపాయి ఖర్చు లేదు.

ఇలా చెయ్యండి: సంతకం లేని చీటీ తీసుకోవద్దు. "ఇది ఇవ్వకపోతే ఏమవుతుంది? దీని బదులు ఇంకేముంది?" అని అడగండి. ఇద్దరుంటే ఒకరే బయటికెళ్లండి, ఒకరు రోగి దగ్గరే ఉండండి. బండి మీద వచ్చిన సీసాలో ఏముందో ఎవరికీ తెలియదు. దాన్ని మీవాళ్ల నరంలోకి ఎక్కించకండి.

4. "ప్లాస్మా ఇచ్చేవాడు దొరికితే గండం గట్టెక్కినట్టే"

బావ గ్రూపు బీ నెగెటివ్. రెండు రోజులు ఫోన్లలోనే పోయాయి. కోలుకుని పదిహేను రోజులు కాని వాళ్లని కూడా బతిమాలాను. దేశంలో 39 ఆస్పత్రుల్లో, 464 మందితో ఐసీఎంఆర్ చేసిన ప్లాసిడ్ అధ్యయనంలో ప్లాస్మా వల్ల మరణాలు తగ్గలేదని 2020 అక్టోబరులోనే తేలింది. అయినా అది చికిత్స మార్గదర్శకాల్లోంచి పోయింది 2021 మే 17న. ఈ మధ్యలో ఎన్ని ఇళ్లు దాతల కోసం తిరిగాయో!

ఇలా చెయ్యండి: ఏదైనా వైద్యం కొత్తగా చెబితే "ఇది మార్గదర్శకాల్లో ఉందా సార్?" అని అడగండి. ఆ ఒక్క మాట రెండు రోజులు మిగులుస్తుంది.

5. "కృష్ణపట్నం తీసుకెళ్లండి, చుక్కలు పడితే లేచి కూర్చుంటాడు"

నెల్లూరు జిల్లా కృష్ణపట్నంలో ఆనందయ్య అనే ఆయన కోవిడ్‌కి ఇస్తున్న నాటు మందు కోసం ఆ మేలో వేలమంది వెళ్లారు. అంబులెన్సుల్లో వెళ్లిన వాళ్లూ ఉన్నారు. వాళ్లని నేను వెక్కిరించను. బెడ్డు దొరకని చోట మనిషి ఏ గుమ్మమైనా ఎక్కుతాడు. కానీ మే 31న ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం మిగతా మందుకి అనుమతిస్తూ, కంట్లో చుక్కలకు మాత్రం అనుమతి ఇవ్వలేదు. ఆక్సిజన్ 90 కంటే తక్కువున్న మనిషిని గంటల తరబడి రోడ్డు మీద పెట్టడం ఏ మందూ సరిదిద్దలేని నష్టం.

ఇలా చెయ్యండి: నమ్మకం ఉన్న మందు ఏదైనా సరే, డాక్టరుకి చెప్పి వాడండి. ఆక్సిజన్ మాస్కు మాత్రం దేనికోసమూ తీయకండి.

6. "డాక్టరు గారిని ఎదురు ప్రశ్నలు వెయ్యకు, కోపమొస్తే చూడరు"

మా ఇంట్లో పెద్దవాళ్లు నన్ను ఆపిన మాట ఇది. నేను ఆగిపోయాను. పన్నెండు రోజుల్లో ఒక్కసారి కూడా "షుగరు ఎంతుంది సార్?" అని అడగలేదు. నేను మోసే తప్పుల్లో పెద్దది అదే.

డాక్టర్లూ ఆ రోజుల్లో నలిగిపోయారు. తోటి వాళ్లని పోగొట్టుకుంటూ డ్యూటీ చేశారు. అందుకే గట్టిగా అరవడం, అద్దాలు పగలగొట్టడం ఘోరం. మర్యాదగా అడిగిన ప్రశ్న మాత్రం అవమానం కాదు. వందమందిని చూసే మనిషికి అది గుర్తుచేసే సాయం. చికిత్స గురించి తెలుసుకోవడం, రేట్లు ముందే తెలుసుకోవడం, రెండో డాక్టరు అభిప్రాయం తీసుకోవడం, ఇవన్నీ జాతీయ మానవ హక్కుల కమిషన్ తయారుచేసిన రోగుల హక్కుల పత్రంలో ఉన్నవే. కేంద్ర ఆరోగ్య శాఖ 2019లో దాన్ని రాష్ట్రాలకు పంపింది. రోగి సమ్మతి అంటే విషయం తెలిసి ఇచ్చిన సమ్మతేనని సుప్రీంకోర్టు 2008లో సమీరా కోహ్లీ కేసులో చెప్పింది. రేట్ల మాటకొస్తే, తెలంగాణ 2020 జూన్‌లోనే ప్రైవేటు ఆస్పత్రుల్లో రోజుకి మామూలు వార్డు 4,000, ఐసీయూ 7,500, వెంటిలేటరుతో 9,000 రూపాయలని ఖరారు చేసింది. ఆ కాగితం జేబులో ఉన్నవాడు బిల్లు ముందు నిలబడే తీరే వేరు.

ఇలా చెయ్యండి: ఇంటి తరఫున ఒక్కరే మాట్లాడండి. రౌండ్స్‌కి ముందే మూడు ప్రశ్నలు రాసి పెట్టుకోండి. జవాబు ఆయన ఎదురుగానే రాసుకోండి. ఖాళీ ఫారం మీద, చదవని ఫారం మీద సంతకం పెట్టకండి. తెలుగులో చెప్పమని అడగండి.

7. "మనిషి దక్కాడుగా, ఇంక ఆ కాగితాలెందుకు?"

డిశ్చార్జి అయిన వారానికి బావ, "ఎడమ బుగ్గ మొద్దుబారినట్టుందిరా" అన్నాడు. తర్వాత ముక్కు పక్కన నల్లటి మచ్చ. ఆంఫోటెరిసిన్ ఇంజెక్షన్లు, ఆపరేషన్, కన్ను. కొత్త ఆస్పత్రిలో డాక్టరు అడిగిన మొదటి ప్రశ్న: "అక్కడ స్టెరాయిడ్ ఎంత డోసు, ఎన్ని రోజులు ఇచ్చారు?" మా దగ్గర బిల్లు ఉంది, ఒక పేజీ డిశ్చార్జి సమ్మరీ ఉంది. ఈ జవాబు ఆ రెండింట్లోనూ లేదు.

కేస్ షీట్ అడిగితే పాత ఆస్పత్రి వాళ్లు "అది బయటికివ్వం" అన్నారు. రోగి గానీ, రోగి తరఫున అధికారం ఉన్నవాళ్లు గానీ అడిగితే 72 గంటల్లో రికార్డులివ్వాలని భారతీయ వైద్య మండలి 2002 నిబంధనల్లో ఉంది. అదే మాట తెల్లకాగితం మీద రాసి, బావ చేత సంతకం పెట్టించి, రిజిస్టర్డ్ పోస్టులో పంపాం. అయిదో రోజున కాపీ ఇచ్చారు.

అక్క, నేను వంటింట్లో బల్ల మీద పరిచి ఒక్కో పేజీ చదివాం. స్టెరాయిడ్ రోజూ ఇచ్చారు. మూడో రోజు, నాలుగో రోజు షుగరు గడులు ఖాళీ. నేను తెచ్చిచ్చినవి ఆరు వయల్స్. మందుల చార్టులో సంతకాలు నాలుగింటికే ఉన్నాయి. అక్క ఆ ఖాళీ గడుల మీద వేలు పెట్టి చాలాసేపు అలాగే ఉండిపోయింది.

ఇలా చెయ్యండి: డిశ్చార్జి రోజునే కేస్ షీట్, మందుల చార్టు, రిపోర్టుల కాపీలు రాతపూర్వకంగా అడగండి. తప్పు జరిగిందనిపిస్తే రాష్ట్ర వైద్య మండలికి ఫిర్యాదు చెయ్యొచ్చు. 1995లో సుప్రీంకోర్టు వీపీ శాంత కేసులో ఇచ్చిన తీర్పు వల్ల, డబ్బు కట్టి వైద్యం చేయించుకున్న రోగి వినియోగదారుడే. అయితే వినియోగదారుల కమిషన్‌కి రెండేళ్లలోపు వెళ్లాలి. మేం వెళ్లాం. కేసు నడుస్తోంది.

ఈ ఏడు సలహాల్లో ఒక్కటి కూడా మా మీద పగతో ఇచ్చింది కాదు. అందుకే చెబుతున్నాను: సలహా ఇచ్చే ముందు "నాకు ఇది ఎలా తెలుసు?" అని ఒక్కసారి ఆలోచించండి. ఆస్పత్రిలో ఉన్నవాళ్లింటికి ఇంజెక్షన్ పేరు పంపే బదులు ఒక క్యారేజీ అన్నం పంపండి, ఒక రాత్రి కాపలా ఉండండి.

ఇవాళే ఒక రెండొందల పేజీల నోటుబుక్ కొనండి. మొదటి పేజీలో ఇంట్లో ప్రతి ఒక్కరి పేరు, బ్లడ్ గ్రూపు, ఉన్న జబ్బులు, వాడే మందులు, పడని మందులు రాయండి. ఆస్పత్రి గడప తొక్కేటప్పుడు డబ్బుతో పాటు ఆ పుస్తకం కూడా తీసుకెళ్లండి. మా దగ్గర ఆ రోజు డబ్బుంది, పుస్తకం లేదు.