తలనొప్పి కాలింగ్

మునగాల దాటి రెండు కిలోమీటర్లు వచ్చామో లేదో, పక్క సీట్లో కూర్చున్న మా బావమరిది, “బావా, నీ కొత్త బండ్ల ఫోను ఎట్ల మోగుతదో చూద్దామా?” అంటూ జేబులోంచి తన ఫోను తీసి నాకే కొట్టాడు. పాట ఆగిపోయింది. డాష్‌బోర్డు నడుమ పలకంత తెర వెలిగింది. దాని మీద ఇంతింత ఇంగ్లీషు అక్షరాలతో ‘తలనొప్పి’ అని పడింది. చదువురాని వాళ్లకు ఇబ్బంది కలగకూడదనేమో, కారు దాన్ని పైకి చదివి కూడా వినిపించింది. దొరసాని గొంతుతో, “టలానొప్పీ... టలానొప్పీ...” అని, నేను తడుముకుని ఎర్ర బొమ్మ మీద వేలు పెట్టేదాకా.

వెనక సీట్లో మా ఆవిడ ఉన్నట్టుండి పొలాల వైపు చూడటం మొదలుపెట్టింది.

“మా డాక్టరు నంబరది” అన్నాను.

“కొట్టింది నేను గద బావా” అన్నాడు.

అక్కణ్నుంచి సూర్యాపేట దాకా కారులో ఏసీ వేయాల్సిన అవసరం రాలేదు.

నాది కోదాడలో ఎరువులు, విత్తనాల దుకాణం. అమ్మాయిని ఇచ్చింది సూర్యాపేట. మా ఆవిడ పుట్టిల్లు మిర్యాలగూడ. ఈ బావమరిది అక్కడొక రైసు మిల్లులో గుమస్తా. మ్యాపులో ఈ మూడు ఊళ్లనూ గీతలతో కలిపితే చక్కటి ముక్కోణం వస్తుంది. ఏ పక్కన చూసినా దూరాభారమే. పండగైనా, పంచాయితీ అయినా, వడ్ల బాకీ అయినా నేను ఆ ముక్కోణం చుట్టూ గానుగెద్దులా తిరగాల్సిందే. అందుకే అల్లుడు పట్టుబట్టి, ఫోను లోపలే ఉండే ఈ కారు కొనిపించాడు. తాళాలిచ్చిన రోజు షోరూము కుర్రాడు పాఠం చెప్పాడు: “చేతులు స్టీరింగ్ మీద, కళ్లు రోడ్డు మీద. నోరొక్కటి కదిపితే చాలు సార్.” మనసు ఎక్కడ పెట్టుకోవాలో అతనూ చెప్పలేదు, నేనూ అడగలేదు.

మా చిన్నతనంలో కోదాడ నుంచి మిర్యాలగూడకు ట్రంకాల్ బుక్ చేసి, లైను కలిసేలోపు ఎర్రబస్సెక్కి వెళ్లి, విషయం చెప్పి, భోజనం చేసి తిరిగి రావచ్చనేవాళ్లు. మా నాన్న ఓసారి నిజంగానే ఆ పని చేశాడు. ఆయన ఇల్లు చేరాక లైను కలిసింది. కాబట్టి కారులో ఫోనంటే నాకు మొదట్లో పుష్పక విమానానికి గంట కట్టినంత గొప్పగా అనిపించింది. కానీ ఇది కొత్త సరుకేం కాదట. 1946 జూన్ 17న అమెరికాలోని సెయింట్ లూయిస్ నగరంలో బెల్ కంపెనీ వాళ్లు కారులో ఫోను పెట్టారు. దాని బరువు 80 పౌండ్లు, అంటే 36 కిలోలు. నా దుకాణంలో యూరియా బస్తా 45 కిలోలు. డిక్కీలో ముప్పాతిక బస్తాకు పైనే యూరియా వేసుకుని తిరగడమన్నమాట. ఊరు మొత్తానికి మూడే ఛానళ్లు. ముగ్గురు మాట్లాడుతుంటే నాలుగోవాడు నల్లా దగ్గర బిందె పట్టుకున్నట్టు నిలబడాలి. పైగా మధ్యలో ఆపరేటరమ్మ కలిపితేనే మాట. సరిగ్గా ఆ ఏడే మా ఉమ్మడి నల్లగొండ జిల్లాలో జనం దొరల మీద తిరగబడుతున్నారు. ఊరి నుంచి ఊరికి కబురు కాలినడకనే వెళ్లేది. ఆ కబుర్లు వేళకు చేరేవని మా తాత చెప్పేవాడు. నా కారు గురించి ఆ మాట అనలేను.

ఇప్పుడు వైరు కూడా లేదు. ఫోనును కారుతో కలిపేదాని పేరు బ్లూటూత్. పదో శతాబ్దంలో డెన్మార్క్‌ను ఒక్కటి చేసిన హరాల్డ్ అనే రాజు మారుపేరది, నీలిపన్ను. 1997లో ఇంజనీర్లు ఆయన పేరు ఎత్తుకొచ్చి దీనికి తగిలించారు. చెదిరిన వాళ్లను కలిపిన మహానుభావుడట. మా ఇంట్లో ఆయన చేసింది మాత్రం వేరు.

అసలు చిక్కు పేర్లతోనే. కారు ఎక్కగానే అది నా ఫోనులోని పేర్లన్నీ తోడేసుకుంటుంది. మనం పేర్లు రాసుకునేది మన కోసం, నలుగురి కోసం కాదు. ‘బోరుబండి’, ‘కోతమిషన్ గరిడేపల్లి’, ‘బాకీ–ఎత్తొద్దు’. ఇక నోటితో పిలిస్తే సంగతి మరీ ఘోరం. మా కోదాడ మాట సగం తెలంగాణ, సగం కృష్ణా జిల్లా. ఆ కలగలుపు యాస కారుకు తలకెక్కదు. ఒకరోజు ముద్దుగా, “కాల్ అమ్మాయి” అన్నాను. “కాలింగ్ అమోనియా నల్లగొండ” అంది. అమ్మోనియం సల్ఫేట్ తెచ్చే హోల్‌సేల్ ఆయన నంబరది. “బుజ్జీ, తిన్నావారా?” అని అడిగేశాను. ఆయన చాలా మర్యాదస్తుడు. “తిన్న సార్. మీ పాత బిల్లు సంగతేంది?” అన్నాడు.

ఆ నీలిపన్నుకు గోడలు కూడా అడ్డం కావు. ఓ ఆదివారం మా అబ్బాయి వాకిట్లో కారు స్టార్టు చేసి కడుగుతున్నాడు. లోపల నా ఫోను మోగింది. చిట్టీ డబ్బుల వాడు. ఎత్తి, “నేను హైదరాబాద్‌లో ఉన్నా” అన్నాను. అవతల చప్పుడు లేదు. గొంతు పెంచి ఇంకోసారి అన్నాను. జరిగిందేమిటంటే, కారు స్టార్టు కాగానే నా ఫోను లోపలి నుంచే దానికి జత కలిసింది. అలా కలిసినప్పుడు వినేదీ కారే, పలికేదీ కారే; మన చేతిలో మిగిలేది ఉత్త డబ్బా. చిట్టీ మనిషి మా గేటు దగ్గరే నిలబడి ఫోను చేస్తున్నాడు. తన “హలో” తనకే మా కారు కిటికీలోంచి వినిపిస్తోంది. నా హైదరాబాదు మాత్రం మా ఇంటి కిటికీలోంచి వినిపించింది, రెండుసార్లు. లోపలికొచ్చి కూర్చుని మంచినీళ్లడిగాడు.

ఈ దెబ్బతో మా ఆవిడ ఒక నియమం పెట్టింది. కారులో ఎవరైనా ఉన్నప్పుడు ఫోనొస్తే, ఎత్తగానే “వానొచ్చేటట్టుంది” అనాలి. అంటే, స్పీకరు మీద ఉన్నావు, పక్కన మనుషులున్నారు, నోరు జాగ్రత్త అని అర్థం. చుట్టాలందరికీ చెప్పాం. మిర్యాలగూడలో ఒక్కడికి చెప్పడం మరిచిపోయాం. ఏప్రిల్ నెల, యాసంగి వడ్లు మిల్లుల ముందు ట్రాక్టర్ల మీద బారులు తీరిన రోజులు. అల్లుడి పక్కన కూర్చుని వెళ్తుంటే బావమరిది ఫోను. “వానొచ్చేటట్టుంది” అన్నాను. “ఆఁ! ఏడ? ఎంతసేపట్ల?” అని ఒక కేక. తర్వాత చెప్పుల చప్పుడు. “పట్టాలు కప్పుండ్రి, పట్టాలు కప్పుండ్రి!” అని అరుపులు దూరమవుతూ వినిపించాయి. ఆ రోజు మిర్యాలగూడలో నలభై మూడు డిగ్రీల ఎండ. పదిమంది హమాలీలు అరగంట సేపు వడ్ల కుప్పల మీద టార్పాలిన్లు కప్పి, తర్వాత ఇంకో అరగంట తీశారు. నా పేరు అతని ఫోనులో ఏమని ఉందో నేనింతవరకు అడగలేదు.

ఇవన్నీ నవ్వుకునే సంగతులు. నవ్వు రానిది ఒకటుంది. ఒకరోజు కోదాడ నుంచి సూర్యాపేటకు ఒక్కడినే బయల్దేరాను, అమ్మాయి భోజనానికి పిలిచింది. దారిలో ఆకుపాముల ఊరు గుర్తుంది. దురాజ్‌పల్లి గట్టు దగ్గర లింగమంతుల స్వామికి ఒక చేత్తో దండం పెట్టుకోవడం గుర్తుంది. అక్కడే బావమరిది ఫోను ఎత్తాను. వడ్లలో తేమ 17 శాతం దాటిందని కోత పెడితే రైతు మిల్లు ముందు కూర్చున్నాడట. ఆ రైతు నా ఖాతాదారు. తేమ మీద వాదన బాగా వేడెక్కింది. “సరే తియ్, నువ్వే గెలిచినవ్ బావా” అని అతను పెట్టేశాక తల ఎత్తి చూస్తే, ఎదురుగా కొర్లపహాడ్ టోల్ గేటు. సూర్యాపేట ఎటుపోయింది? టేకుమట్ల దగ్గర మూసీ వంతెన దాటే ఉంటాను, దాటకుండా అక్కడికి రాలేను. ఆ వంతెన నాకు గుర్తు లేదు. లారీలు గుర్తు లేవు. చేతులు స్టీరింగ్ మీదే ఉన్నాయి, కళ్లు రోడ్డు మీదే ఉన్నాయి. షోరూము కుర్రాడు చెప్పింది పొల్లు పోకుండా చేశాను. నేను మాత్రం మిర్యాలగూడలో మిల్లు ముందు నిలబడి ఉన్నాను. 80 వేగంలో బండి సెకనుకు 22 మీటర్లు పోతుంది. అన్ని సెకన్లు దాన్ని ఎవరు నడిపారో లింగమంతుల స్వామికే తెలియాలి. ఫాస్టాగ్ కుయ్యిమని టోలు కోసుకుంది, తిరిగొచ్చేటప్పుడూ కోసుకుంది.

అల్లుడు చదువుకున్నవాడు కాబట్టి ఓదార్చకుండా లెక్కలు చెప్పాడు. 1997లోనే కెనడాలో ఇద్దరు పరిశోధకులు టొరంటో డ్రైవర్ల ఫోను బిల్లులు ముందేసుకుని చూస్తే, ఫోను మాట్లాడే సమయంలో ప్రమాదం ముప్పు నాలుగింతలు తేలిందట. చేత పట్టుకున్నా, పట్టుకోకపోయినా పెద్ద తేడా కనిపించలేదట. 2006లో అమెరికాలోని యూటా విశ్వవిద్యాలయం వాళ్లు ఫోను మాట్లాడేవాళ్లనీ, తాగినవాళ్లనీ ఉత్తుత్తి కారులో కూర్చోబెట్టి పోల్చి, ఇద్దరూ ఇద్దరేనన్నారట. “మరి పక్కన మనిషి కూర్చుని మాట్లాడితేనో?” అన్నాను. “పక్కన మనిషికి లారీ కనిపిస్తది మామయ్యా, నోరు మూస్తడు. ఫోన్ల మనిషికి కనిపించదు” అన్నాడు. మా ఆవిడ విషయంలో ఈ సిద్ధాంతం కొంచెం సందేహమే. ఆమె లారీ కనిపించాకే మొదలుపెడుతుంది. అయినా ఒప్పుకున్నాను.

ఆ యూటా సంగతి మా ఊరి కానిస్టేబులుకు ఎవరూ చెప్పి ఉండరు. అయినా పట్టేశాడు. రాత్రి తొమ్మిదికి కోదాడ పొలిమేరలో తనిఖీ. నేను అద్దాలు ఎత్తి, ఒంటరిగా, కుడిచెయ్యి గాల్లో ఊపుతూ, తేమ గురించే అరుస్తూ వస్తున్నాను. ఆపాడు. చేతిలో ఫోను ఉంటే కథ వేరు: 2019 సవరణ తర్వాత 184వ సెక్షన్ కింద మొదటిసారికే వెయ్యి నుంచి ఐదు వేల దాకా జరిమానా, జైలు కూడా పడొచ్చు. నా చేతిలో ఏమీ లేదు. అతను లోపలికి తొంగి చూశాడు. చెవిలో చూశాడు. “జర ఊదుండ్రి సార్” అన్నాడు. ఊదాను. సున్నా.

“మరి ఎవలతోని కొట్లాడుతున్నరు సార్?”

“కారుతోటి.”

అతను మిషన్ గొట్టం మార్చాడు. “ఇంకోపారి ఊదుండ్రి.”

నాకు బుద్ధి వచ్చింది మాత్రం హుజూర్‌నగర్ దాటాక మిర్యాలగూడ దారిలో. ఏప్రిల్లో ఆ రోడ్డు సగం రోడ్డు, సగం కల్లం. తారు మీద వడ్లు ఆరబోసి, చుట్టూ రాళ్లు పేరుస్తారు. నేను మామూలుగానే బావమరిదితో మాటల్లో ఉన్నాను. రాయి ముందు టైరు కింద పటుక్కుమంది. బ్రేకు తొక్కితే బండి వడ్ల అంచున ఆగింది. ఒక ముసలామె వడ్లలో పాదాలు ఈడ్చుకుంటూ చాళ్లు తీస్తోంది. నాగలి వేసినట్టు వరసగా, తిన్నగా ఉన్నాయా చాళ్లు. చివరి చాలు నా బంపరుకు మూరెడు దూరంలో ఆగిపోయింది. ఆమె కూడా అక్కడే నిలబడింది.

కిటికీ దించాను. “ఏం కొడుకా, కండ్లు ఏడబెట్టినవ్?” అంది. అరవలేదు. అదే కష్టంగా తోచింది.

జవాబు కారు చెప్పింది. “బావా, ఎవరామె? వడ్లు సన్నాలా, దొడ్డువా?”

ఆమె నన్ను వదిలేసి తెర వైపు వంగింది. “సన్నాలే బిడ్డా. ఎంతకు కొంటరు?”

“తేమెంత ఉన్నదమ్మా?”

“తేమెక్కడిది? నాలుగొద్దుల సంది ఆరబోస్తున్న. ఇగో, నీ కారు కూడ ఎండింది సూడు.”

పావుగంట బేరం నడిచింది. ఆమె కిటికీ మీద మోచెయ్యి ఆనించి, నోట్లో గింజ కొరికి ఆ చప్పుడు కారుకు వినిపించింది. నేను మధ్యలో డ్రైవరులా కూర్చున్నాను. చివరికి ఇద్దరికీ కుదిరింది. ఆ కారు ఫోను పనికొచ్చేలా, ఎవరికీ దెబ్బ తగలకుండా వాడింది నాకు తెలిసి ఆమె ఒక్కతే, అదీ బండి ఆగి ఉన్నప్పుడు.

అప్పట్నుంచి ఫోనొస్తే ఇండికేటరు వేసి, రోడ్డు దిగి, చెట్టు కింద ఆపి ఎత్తుతున్నాను. పేరు కూడా మార్చాను, ‘బావమరిది గారు’ అని. మొన్న మునగాల దగ్గర తెర మీద ఆ పేరు పడితే, ఓ వేపచెట్టు చూసి ఆపాను. ఈలోపు కాల్ పోయింది. నేనే కొట్టాను.

“ఆపినవా బావా?”

“ఆపిన.”

“మంచిగ పక్కకు ఆపినవా?”

“చెట్టు కింద ఆపిన. ఇంజను బందు చేసిన. చెప్పు.”

“ఏం లేదు బావా. ఊకనే చేసిన.”