కోచ్ గారి జీవితచరిత్రకు మెరుగు పెట్టు విధానం

ముందే ఒక మాట. ఇక్కడ ఫుట్‌బాల్ అంటే మన హైదరాబాద్ రహీమ్ సాబ్ నేర్పిన ఆట కాదు. అమెరికాలో శనివారాలు కాలేజీ కుర్రాళ్ళు హెల్మెట్లు పెట్టుకుని, కోల బంతిని ఎక్కువగా చేతుల్తోనే పట్టుకుని, ఒకరినొకరు కుమ్ముకుంటూ ఆడే ఆట. ఎమ్మెస్ చదవడానికి అలబామాకో ఒహాయోకో వెళ్ళిన మన పిల్లల్ని అడగండి, మ్యాచ్ రోజున ఊళ్ళో కారు పెట్టుకోవడానికి జాగా దొరకదంటారు. అలబామా యూనివర్సిటీ స్టేడియంలో లక్ష మంది కూర్చుంటారు. చాలా రాష్ట్రాల్లో ప్రభుత్వ ఉద్యోగులందరిలోకీ పెద్ద జీతగాడు గవర్నరు కాదు, ఈ ఆట నేర్పే కోచ్. అలాంటి మహానుభావుడి జీవితచరిత్ర రాసే పని మీ చేతికొచ్చిందంటే మీ పంట పండినట్టే. చెడగొట్టుకోకుండా ఉండే ఉపాయాలు చెబుతాను.

మొదటి అధ్యాయంలో పేదరికం తప్పనిసరి. కోచ్ పాల్ బ్రయాంట్ గారి విషయంలో దాన్ని కల్పించే శ్రమ మీకు లేదు. ఆర్కన్సా రాష్ట్రంలో మోరో బాటమ్ అనే మారుమూల పల్లెలో 1913లో పుట్టాడు, పన్నెండు మంది సంతానంలో పదకొండోవాడు. ఇక్కడికి నిజమే చాలు. కానీ పువ్వు పుట్టగానే పరిమళించాలి కదా, అందుకు ఎలుగుబంటిని దింపాలి. ఫోర్డైస్ అనే ఊళ్ళో సినిమా హాలుకి ఎలుగుబంటిని తెచ్చినవాడు, దానితో కుస్తీ పడితే నిమిషానికో డాలరు ఇస్తానన్నాడట. మన కుర్రాడు కలబడ్డాడు. మధ్యలో దాని మూతికి కట్టిన చిక్కం ఊడిపోయింది, వీడు స్టేజీ మీంచి దూకేశాడు, డబ్బులిస్తానన్నవాడు పత్తా లేడు. ‘బేర్ బ్రయాంట్’ అన్న పేరు అలా స్థిరపడిపోయింది. ఎన్ని నిమిషాలు పట్టు పట్టాడు, ఎవరు చూశారు అని ఆరా తీయకండి. ఎలుగుబంటి సాక్ష్యానికి రాదు. 1974లో వచ్చిన ఆత్మకథలో బ్రయాంట్ గారే చెప్పుకున్నారు, ఇంకేం కావాలి?

రెండో సూత్రం అసలైనది, మనసు పెట్టి వినండి. కథకు సాక్షి ఒక్కడే ఉండాలి. ఆ ఒక్కడూ కోచే అయితే మరీ శ్రేష్ఠం.

దీనికి ఆద్యుడు నూట్ రాక్నీ. నార్వేలో పుట్టి, అయిదేళ్ళ వయసులో షికాగో చేరి, అక్కడి పోస్టాఫీసులో పనిచేసి దాచుకున్న డబ్బుతో ఇరవై రెండేళ్ళప్పుడు నోటర్ డేమ్ కాలేజీలో చేరాడు. 1918 నుంచి 1930 దాకా అక్కడే కోచ్. 105 గెలుపులు, 12 ఓటములు, 5 సమానాలు. ఇంతటి లెక్క ఉన్నవాడికి కథలెందుకు అని అమాయకులు అడుగుతారు. 1928లో ఆయన జట్టు కుంటుతోంది. నవంబరు 10న న్యూయార్క్ యాంకీ స్టేడియంలో బలమైన ఆర్మీ జట్టుతో మ్యాచ్. లాకర్ రూమ్‌లో కుర్రాళ్ళను కూర్చోబెట్టి, ఎనిమిదేళ్ళ కిందట చనిపోయిన జార్జ్ గిప్ సంగతి ఎత్తాడు. గిప్ ఆయన శిష్యుల్లోకెల్లా గొప్ప ఆటగాడు. క్లాసులకంటే బిలియర్డ్స్ బల్ల దగ్గర ఎక్కువగా కనిపించేవాడు. గొంతుకి ఇన్ఫెక్షన్ సోకి, న్యుమోనియా ముదిరి, 1920 డిసెంబరులో పాతికేళ్ళకే పోయాడు. చావుమంచం మీద అతను తనను ఒక కోరిక కోరాడని, జట్టు కష్టాల్లో ఉన్న ఏదో ఒక రోజున కుర్రాళ్ళను తన కోసం గెలవమనాలని అడిగాడని రాక్నీ చెప్పాడు. గదిలో కన్నీళ్ళు. మైదానంలో 12–6తో గెలుపు.

ఇప్పుడు మీలో ఉన్న పాడు పరిశోధకుడు లేస్తాడు. ఆ మాట గిప్ అన్నప్పుడు పక్కన ఎవరున్నారు? రాక్నీ తప్ప ఎవరూ విన్నట్టు చెప్పలేదు. ఎనిమిదేళ్ళు ఎందుకు దాచాడు? అసలు ఆ ప్రసంగం ఆట మొదలవకముందు చేశాడా, సగం ఆటయ్యాక విరామంలో చేశాడా అన్నదాని మీద కూడా విన్నవాళ్ళలోనే తలో మాట. పైగా ఈ పెద్దమనిషి అంతకుముందు 1922లో, కొడుకు ఆసుపత్రిలో ఉన్నాడంటూ టెలిగ్రాం చదివి కుర్రాళ్ళను ఉసిగొల్పాడని, తీరా గెలిచి ఇంటికొస్తే ఆ పిల్లాడు నిక్షేపంగా స్టేషన్లో ఎదురొచ్చాడని శిష్యులే చెప్పుకున్నారు. ఆ పరిశోధకుడికి కాఫీ ఇచ్చి కూర్చోబెట్టండి. 1930లో కొలియర్స్ పత్రికలో రాక్నీ పేరుతో వచ్చిన వ్యాసాన్ని మూలాధారం అనండి. 1940లో వచ్చిన సినిమాను సాక్ష్యం అనండి. అందులో గిప్ వేషం వేసిన రోనాల్డ్ రీగన్ ఆ కోరిక పుణ్యమా అని జీవితాంతం ‘గిప్పర్’ అనిపించుకున్నాడు, దేశాధ్యక్షుడయ్యాక కూడా. ఒక దేశాధ్యక్షుడు మోసిన కథను మీరెవరండీ కింద పెట్టడానికి?

ఆ 1928 సీజన్ చివరికి నోటర్ డేమ్ లెక్క 5 గెలుపులు, 4 ఓటములు. కోచ్‌గా రాక్నీ జీవితంలో అదే అతి అధ్వాన్నమైన సీజన్. దాన్ని అనుబంధంలో చిన్న అక్షరాల్లో వేయండి.

ఎవరో కనిపెట్టినదాన్ని మీ నాయకుడి ఖాతాలో వేయడమూ ఒక కళే. బంతిని ముందుకు విసిరే పాస్‌ను రాక్నీయే కనిపెట్టాడని జనం నమ్మిక. ఆ పాస్‌ను 1906లోనే నిబంధనల్లో ఒప్పుకున్నారు, సెయింట్ లూయిస్ జట్టు ఆ ఏడాదే విసిరింది. రాక్నీ ఆటగాడిగా బంతులు అందుకుంటూ ఆర్మీని 35–13తో ఓడించింది 1913లో. అయినా సరే, ఏడేళ్ళు ఒక లెక్కా?

శిక్షణ పేరుతో జరిగిన క్రూరత్వానికి క్రమశిక్షణ అని పేరు పెట్టడం మరవకండి. 1954లో టెక్సాస్ ఏ అండ్ ఎమ్ కాలేజీకి కోచ్‌గా వెళ్ళిన బ్రయాంట్, జట్టును జంక్షన్ అనే ఊరికి తీసుకుపోయాడు. కరువు కాలం, మాడు పగిలే ఎండ, గడ్డి మొలవని రాళ్ళ నేల. ప్రాక్టీసు మధ్యలో నీళ్ళు తాగనివ్వలేదు. పది రోజుల్లో చాలామంది రాత్రికి రాత్రి మూటాముల్లె సర్దుకుని పారిపోయారు. ఒక కుర్రాడు వడదెబ్బకు చావు అంచుదాకా వెళ్ళొచ్చాడు. రెండు బస్సుల్లో వెళ్ళినవాళ్ళు ఒక్క బస్సులో తిరిగొచ్చారని ఇప్పటికీ గర్వంగా చెప్పుకుంటారు. దీని మీద పుస్తకం వచ్చింది, టీవీ సినిమా వచ్చింది. ఆ ఏడాది ఫలితం మాత్రం ఒక గెలుపు, తొమ్మిది ఓటములు. కోచ్‌గా బ్రయాంట్ గెలుపులకన్నా ఓటములు ఎక్కువ చూసిన సీజన్ అదొక్కటే. అందుకని అధ్యాయాన్ని 1954లో ఆపకూడదు, ఒక్క గెంతులో 1956కి దూకాలి. ఆ ఏడు ఆ జట్టు ఒక్క ఆటా ఓడలేదు. మధ్యలో దాహంతో పారిపోయినవాళ్ళు ఏమయ్యారో రాసే చోటు మీ పుస్తకంలో ఉండదు. నాకు తెలిసి చదవదగ్గ అధ్యాయం అదే.

గెలుపుల అంకె దగ్గర ఒక్క క్షణం వేళాకోళం ఆపుతాను. పెన్ స్టేట్ కోచ్ జో పటెర్నోకి 409 గెలుపులు. సహాయ కోచ్‌గా పనిచేసినవాడు పిల్లల మీద చేసిన అఘాయిత్యాలు బయటపడ్డాక, 2012లో 111 కొట్టేశారు. 2015లో మళ్ళీ కలిపారు. పటెర్నో విగ్రహాన్ని తీసేశారు, మళ్ళీ పెట్టలేదు. ఇలాంటి చోట మెరుగు పెట్టేవాడు చరిత్రకారుడు కాదు, వకీలు.

ఇక ఆఖరి మెరుగు, డిగ్రీలు. జార్జ్ ఒలియరీ అన్నాయన జార్జియా టెక్‌లో పేరున్న కోచ్. 2001 డిసెంబరులో నోటర్ డేమ్ ఏరికోరి పిలిచింది, రాక్నీ కూర్చున్న పీట. ఆయన పరిచయ పత్రంలో న్యూయార్క్ యూనివర్సిటీ మాస్టర్స్ డిగ్రీ ఉంది, న్యూహాంప్‌షైర్ యూనివర్సిటీ తరఫున మూడేళ్ళు ఫుట్‌బాల్ ఆడిన ఘనత ఉంది. మనవాడు ఇంతవాడయ్యాడని న్యూహాంప్‌షైర్ పత్రికా విలేకరి మెచ్చుకుంటూ రాయబోయి, పాత రోజులు చెప్పమని ఆనాటి వాళ్ళకు ఫోన్ చేశాడు. అతను మాతో ఆడలేదే అన్నారు వాళ్ళు. ఒక్క మ్యాచ్ కూడా ఆడలేదు. మాస్టర్సూ పూర్తి చేయలేదు. అయిదు రోజులకే రాజీనామా. తమాషా ఏమిటంటే ఆ రెండు వాక్యాలూ లేకపోయినా ఆయనకు ఆ ఉద్యోగం వచ్చేదే. తర్వాత సెంట్రల్ ఫ్లోరిడా జట్టును 2014 జనవరి 1న ఫియెస్టా బౌల్‌లో 52–42తో గెలిపించాడు కూడా.

కాబట్టి మీ పుస్తకం అచ్చుకు వెళ్ళేలోపు, కోచ్ గారు చదివానన్న కాలేజీకి మీరే ఒకసారి ఫోన్ చేయండి. మీరు చేయకపోతే ఆయన్ని అభిమానించేవాడెవడో చేస్తాడు.