బ్యాటరీ బాబాయి

కలకత్తా పక్కన షాలిమార్‌లో మా బ్యాటరీ బాబాయి ఇల్లు కనుక్కోవడం తేలిక. కరెంటు పోయేదాకా ఆగాలి, అంతే. వీధంతా చీకటయ్యాక ఏ కిటికీలో పచ్చచుక్కలు మినుకుమంటాయో అదే ఆయనిల్లు. లోపల ఫ్యాను తిరగదు, లైటు వెలగదు. పిన్ని విసనకర్ర విసురుకుంటూ ఉంటుంది. మోడెం మాత్రం దర్జాగా వెలుగుతుంటుంది.

బాబాయిది శ్రీకాకుళం వైపు. సౌత్ ఈస్టర్న్ రైల్వే సిగ్నళ్ల శాఖలో చేసి రిటైరయ్యారు. పాత ల్యాండ్‌లైన్ గురించి చనిపోయిన స్నేహితుడి గురించి మాట్లాడినట్టు మాట్లాడతారు. రాగితీగ వెంట ఎక్స్చేంజి నుంచే 48 వోల్టులు వచ్చేవి, ఊరంతా చీకటైనా ఫోను మోగేది.

"కలకత్తాకి టెలిఫోను ఎక్స్చేంజి వచ్చింది 1882లో. ఊరికి కరెంటు సప్లై మొదలైంది 1899లో. పదిహేడేళ్లు బ్యాటరీల మీదే బతికిందిరా ఫోను! ఇప్పుడీ ఫైబర్ గాజుతీగొచ్చింది. వెలుతురు మోస్తాది గానీ చిటికెడు కరెంటు మొయ్యదు."

ఇంట్లో ఇన్వర్టర్ ఉంది కదా అన్నామో, అయిపోయామే. "మోడెం తాగేది 12 వోల్టులు. ఇన్వర్టర్ బ్యాటరీలో ఉన్నదీ 12 వోల్టులే. దాన్ని 230కి ఎక్కించి, అడాప్టర్‌తో మళ్లీ 12కి దించడమేటి? పక్కవీధికి ఖరగ్‌పూర్ మీంచి వెళ్లడమా?" అందుకని మోడేనికి విడిగా అరచేతంత యూపీఎస్ కొన్నారు. అది చేతులెత్తేస్తే ఆదుకోవడానికి ఇన్వర్టర్ ఉండాలట. కాబట్టి దాని మీద ఫ్యాను పెట్టనివ్వరు.

ఆదివారం సాయంత్రం సరిగ్గా పిన్ని సీరియల్ వేళకి మెయిన్ ఆపి పరీక్ష పెడతారు. నిజంగా కరెంటు పోయినరోజైతే ఎవరికి ఫోన్ చెయ్యాలన్నదే చిక్కు. వీధిలో మిగతావాళ్ల మోడేలన్నీ నిద్రపోతుంటాయి. చివరికి హైదరాబాదులో కొడుకు దొరుకుతాడు. "ఏం లేదురా, లైను చూసుకున్నాను" అని పెట్టేస్తారు.

ఇంట్లో సరే, బయటో? కేబుల్ కుర్రాడి పెట్టె క్లబ్బు గోడకి వేలాడుతుంది, దానికీ ఓ బ్యాటరీ. బాబాయి డిస్టిల్డ్ వాటర్ సీసా పట్టుకుని నెలనెలా అక్కడికి తీర్థం పోసినట్టు వెళ్లొస్తారు. దారిలో బెంగాలీ పిల్లలు, "జేఠూ, లైన్ ఆఛే?" అని అరుస్తారు. "ఆఛే, ఆఛే!" అని సీసా ఊపుతారు.

2020 మే 20న ఆంఫన్ తుఫాను వచ్చింది. దగ్గర్లోని బొటానికల్ గార్డెన్‌లో మహావటవృక్షాన్నే దెబ్బతీసిన గాలి. స్తంభాలకి వేలాడే గాజుతీగ ఓ లెక్కా? తెల్లారేసరికి బాబాయి బ్యాటరీలన్నీ నిండుగా ఉన్నాయి. మోడేనికి మాత్రం ఎర్రదీపం. వీధివాళ్లు సెల్‌ఫోన్లు ఛార్జింగుకి తెచ్చి వరస కట్టారు. ఆయన ఎవర్నీ చూడకుండా మోడెం ఎదుట కుర్చీ వేసుకుని కూర్చున్నారు.

"లెగండి, అన్నం తిందురు గాని" అంది పిన్ని.

"ఎర్రదీపముంటే కదలడమేటే?"

పిన్ని ఇంకేమీ అనలేదు. టేబుల్ ఫ్యాను తెచ్చి ఇన్వర్టర్‌కి పెట్టుకుంది.