మునగాకు దొరసాని

సెనెగల్ పల్లెల్లో మిట్టమధ్యాహ్నం మట్టిరోడ్డు మీద, గాడిదబండ్ల మధ్య నెత్తిన హెల్మెట్ పెట్టుకుని ఎవరైనా సైకిలు తొక్కుతూ కనబడితే, ఆ మనిషి అమెరికా నుంచి వచ్చిన పీస్ కోర్ వాలంటీరని కళ్లు మూసుకుని చెప్పేయొచ్చు. కనుచూపుమేరలో గుద్దుకోవడానికి ఇంకో బండి ఉండదు. అయినా హెల్మెట్ తీస్తే సంస్థ ఇంటికి పంపేస్తుందని భయం. జీతం లేని కొలువులోంచి కూడా తీసేస్తారా అని ఊరివాళ్ల సందేహం.

పీస్ కోర్ 1961 మార్చి 1న కెనెడీ సంతకంతో పుట్టిన సంస్థ. సెనెగల్‌కి 1963 నుంచీ వస్తూనే ఉంది. మన దేశానికీ 1976 దాకా వాలంటీర్లు వచ్చారు. జిమ్మీ కార్టర్ తల్లి లిలియన్ గారు 68 ఏళ్ల వయసులో వాలంటీరుగా వచ్చి బొంబాయి పక్క విఖ్రోలీలో నర్సు పని చేశారు. మన కథానాయికకి అంత అనుభవం లేదు. నిన్నగాక మొన్న డిగ్రీ చేతికొచ్చిన పిల్ల. తలకి లైటు, సంచిలో నీళ్లు వడగట్టే గొట్టం, కాళ్లకి ఏ ఏరైనా దాటించగల పట్టీల చెప్పులు, గుండెలో లోకం మీద బోలెడంత జాలి. ఆ ఊళ్లో ఏరు లేదు.

తియెస్ పట్నంలో రెండు మూడు నెలలు శిక్షణ ఇచ్చి, కాస్త వోలోఫ్ భాష నేర్పి, ఓ కుటుంబానికి అప్పగించి జీపు వెళ్లిపోతుంది. సాయంత్రానికల్లా ఆ పిల్లకి పేరుండదు. ఇంటి పెద్దావిడ ఫాతూ కాబట్టి ఈమె కూడా ఫాతూ. ఇంటిపేరు జోప్. ఇంటిపేరుతోపాటు దాని తగాదాలూ వస్తాయి. న్జాయ్ ఇంటివాళ్లు ఎదురైతే "మీ జోపులంతా తిండిబోతులు" అంటారు. "మీరు మా బానిసలు" అని ఎదురు అనాలి. మన బావామరదళ్ల వేళాకోళంలాంటిదే, తరతరాలుగా వస్తున్నది. మొదటి మాట పడటం తేలికే. రెండో మాట అనడానికి అమెరికా పిల్లకి నోరు పెగలదు. పెగిలిన రోజున ఊరు ఊరంతా చప్పట్లు కొడుతుంది.

అసలు అవస్థంతా తిండి దగ్గర. చాప మీద పెద్ద బేసిను, చుట్టూ ఇంటిల్లిపాది. ఎవరి ముందున్నది వాళ్లే తినాలి, పక్కవాళ్ల వాటాలోకి చెయ్యి పోకూడదు. చేపా క్యారెట్టూ మధ్యలో ఉంటాయి. ఇంటావిడ వాటిని చిదిపి ఒక్కొక్కరి ముందుకీ విసురుతుంది. కుడిచేత్తో అన్నం పిసికి ముద్ద చేసి నోట్లో పెట్టుకోవాలి. ఇది చదువుతున్నవాళ్లకి ఇందులో కష్టమేమిటో అర్థం కాదని తెలుసు. పట్టభద్రురాలైన ఫాతూ చేతిలో ముద్ద నిలవదు. మెతుకులు మోచేతి దాకా పాకుతాయి. మూడేళ్ల పిల్ల జాలిపడి, తన ముద్ద ఎలా చేస్తోందో పట్టి చూపిస్తుంది. "చాలు" అంటే "తిను" అంటారు. "కడుపు నిండింది" అంటే "నువ్వేం తిన్నావని" అంటారు. ఈ విషయంలో గోదావరి జిల్లాలకి ఆఫ్రికాలో గట్టి పోటీ ఉంది. పైగా ఆ అన్నం మామూలు బియ్యం కాదు, నూకలు. అక్కడ వాటికే గిరాకీ. కొన్ని కాకినాడ రేవులో ఓడెక్కినవి కూడా కావచ్చు. 2022లో మన దేశం నూకల ఎగుమతి ఆపేసినప్పుడు గాభరా పడ్డ దేశాల్లో సెనెగల్ ఒకటి.

తిండి అయ్యాక సజ్జలు దంచాలి. నేనూ దంచుతానంటుంది ఫాతూ. నలుగురు ఆడవాళ్లు చేస్తున్న పని మానేసి మరీ చూడటానికి వస్తారు. పది పోట్లకి అరచేతులు బొబ్బలెక్కుతాయి, పదకొండో పోటుకి రోలు పక్కకి పడుతుంది. రోకలి లాక్కుని పీట వేసి కూర్చోబెడతారు. "నువ్వు చదువుకున్నదానివి కదమ్మా, కూర్చో" అంటారు. చదువుని అంత మర్యాదగా తిట్టడం ఇంకెక్కడా వినం.

మరి ఫాతూ వచ్చిన పనేమిటి? పోషకాహారం మీద అవగాహన కలిగించడం. బొమ్మలు గీసిన అట్ట పట్టుకుని, ఊరి ఆడవాళ్లని చెట్టుకింద కూర్చోబెట్టి, ఎండబెట్టి పొడిచేసిన మునగాకు గొప్పతనం చెబుతుంది. ఇనుము, విటమిన్లు, బాలింతలకి బలం. వాళ్లు బుద్ధిగా వింటారు. ఆ పూట ఇంట్లో కూరేమిటయ్యా అంటే మునగాకే. సజ్జ కుస్కుస్‌లో మునగాకు, వేరుశనగ కలిపి ఆ ఆడవాళ్ల అమ్మమ్మలు కూడా వండారు. పాపం, ఆ మాట ఎవరూ పైకి అనరు. మర్నాడు వేపాకు ఉడికించి, సబ్బూ నూనే కలిపి దోమలకి మందు చెయ్యడం నేర్పుతుంది. వేపచెట్టూ మునగచెట్టూ రెండూ ఇండియా నుంచి ఆ గడ్డకి చేరినవే. వాటి సుగుణాలు చెప్పడానికి అట్లాంటిక్ దాటి ఓ పిల్ల రావలసి వచ్చింది. మన నాయనమ్మల్లో ఒకరిని పంపి ఉంటే అట్ట ఖర్చు కూడా మిగిలేది.

సమావేశం తొమ్మిదికి అంటే పదకొండుకి మొదలవుతుంది, మధ్యలో అత్తాయా వస్తుంది. అది టీ. బొగ్గుల మీద మరగబెట్టి, చిన్న గ్లాసులోంచి గ్లాసులోకి నురగ వచ్చేదాకా ఎత్తి పోస్తూ మూడు విడతలు ఇస్తారు. మొదటిది చేదు, రెండోది నయం, మూడోది పాకం. మూడోది వచ్చేసరికి పొద్దు వాలిపోతుంది, అజెండాలో మొదటి అంశమే ఉండిపోతుంది. అయినా ఫాతూ పట్టు వదలదు. ఊరి పటం మీరే గీయండి అని కర్రపుల్ల ఇస్తుంది. అలా గీయించాలని శిక్షణలో చెప్పారు. ఓ ముసలమ్మ పుల్ల అందుకుని బావి, మసీదు, బడి, పొలం గబగబా ఇసకలో గీసేస్తుంది. అంత చురుకుదనం చూసి ఫాతూ పొంగిపోతుంది. ముసలమ్మ ఆ పటం గీయడం ఇది నాలుగోసారి. వచ్చిన ప్రతి వాలంటీరూ గీయించాడు.

పెళ్లిమాటలు సరేసరి. ఇద్దరు భార్యలున్న పెద్దమనిషి మూడో స్థానం ఖాళీగా ఉందంటాడు. మొదట్లో ముఖం ఎర్రబడేది. ఏడాది తిరిగేసరికి ఫాతూ తడుముకోదు: "మా అమ్మకి వంద ఆవులు తోలు. ఇంట్లో వంటా అంట్లూ నీవి. సరేనా?" పెద్దమనిషి ఒప్పుకోడు కానీ, ఈ జవాబు పక్క ఊళ్లో కూడా చెప్పుకుని నవ్వుతారు.

ఎప్పుడైనా తంబాకుండా పట్నంలో సాటి వాలంటీర్లు కలిస్తే గంటసేపు ఇంగ్లీషు. లోకకల్యాణం గురించి కాదు. ఎవరి విరేచనాలు ఎన్నాళ్లున్నాయి, ఎవరి నీళ్ల గొట్టం బాగా వడగడుతోంది. మధ్యలో చీజ్ మీద బెంగ.

రెండేళ్లూ అయిపోతాయి. ఎడమచేత్తో కరచాలనం చేసి సాగనంపుతారు. తప్పుచేత్తో ఇచ్చిన వీడ్కోలు కాబట్టి సరిచెయ్యడానికి మళ్లీ రావలసిందేనని లెక్క. ఫాతూ భోరున ఏడుస్తుంది, ఊరు కూడా ఏడుస్తుంది. నిజంగానే.

కొద్దిరోజులకి జీపు ఇంకొకణ్ణి దింపుతుంది. ఈసారి కుర్రాడు, గడ్డం ఉంది, అట్టలు కూడా ఉన్నాయి. ఇంటి పెద్దావిడ వాడి ముందు బేసిను పెట్టి మొదలుపెడుతుంది. ఫాతూ ఎంత బాగా తినేదనుకున్నావ్! ముద్ద ముత్యంలా వచ్చేది. భాష అంటావా, మాకంటే బాగా మాట్లాడేది. ఇక ఫాతూ రోకలి పట్టిందంటే పక్క ఊరికి వినపడేది. నీకు దంచడం వచ్చా?

ఆ ఊళ్లో మగవాడు రోకలి పట్టగా ఎవరూ చూడలేదు. కుర్రాడు మాత్రం అప్పటికే పుస్తకం తీసి రాసుకుంటున్నాడు.