దాదర్‌లో రెండు ఒకట్లు
(రైల్వే బోర్డుకు బహిరంగ లేఖ)

న్యూఢిల్లీ రైల్వే బోర్డు అధ్యక్షుల వారి సముఖానికి,

ముంబయి దాదర్ స్టేషన్‌లో 2023 చివరి దాకా ఒకటో నంబరు ప్లాట్‌ఫారాలు రెండు ఉండేవి. మూడు, నాలుగు, ఐదు కూడా రెండేసి. పడమటి పట్టాలు పశ్చిమ రైల్వేవి కనుక అక్కడ ఒకటితో లెక్క మొదలు. తూర్పు పట్టాలు మధ్య రైల్వేవి కనుక అక్కడ మళ్లీ ఒకటితోనే మొదలు. ఎవరి లెక్క వారు సరిచూసుకుంటే ఎక్కడా పొరపాటు కనిపించదు. శాఖల మధ్య గోడలకు ఇదే లక్షణం: గోడకు ఇటూ అటూ అంతా సవ్యంగానే ఉంటుంది, దాటేవాడికే తల తగులుతుంది.

ఈ గోడ కట్టింది బోర్డు వారు కాదన్నది నిజమే. 1853లో బోరీబందర్ నుంచి ఠాణాకు తొలి బండి నడిపిన జీఐపీ కంపెనీ ఒకటి, తర్వాత గుజరాత్ వైపు నుంచి దిగిన బీబీ అండ్ సీఐ కంపెనీ ఇంకొకటి. పోటీ కంపెనీలు ఒకే వరుసలో అంకెలు వేసుకోవాలని ఎవరూ ఆశించరు. కానీ ఆ కంపెనీలు పోయాయి. వాటి వారసులైన మధ్య రైల్వే, పశ్చిమ రైల్వే 1951 నవంబరు 5న, ఒకే రోజున, ఒకే ప్రభుత్వం చేతిలో పుట్టాయి. ఒకదాని ప్రధాన కార్యాలయం సీఎస్ఎంటీలో, రెండోదానిది చర్చ్‌గేట్‌లో. ఒకచోటి నుంచి రెండోచోటికి నడిచే వెళ్లొచ్చు. అంకెలు కలవడానికి మాత్రం 72 ఏళ్లు పట్టింది.

టోక్యోలోని షింజుకు స్టేషన్‌లో జేఆర్, ఒదాక్యూ, కేయో ఇప్పటికీ ఎవరి ఒకటి వారికే ఉంచుకున్నాయి. అవి వేర్వేరు సంస్థలు; ఆ సాకు దాదర్‌కు లేదు. లోకల్ టికెట్ ఈ గోడను గుర్తించదు. బాంద్రాలో కొన్న ఠాణా టికెట్టుతో దాదర్‌లో దిగి, వంతెన దాటి, రెండో రైల్వే బండి ఎక్కవచ్చు. డబ్బు దగ్గర కలిసిన శాఖలు అంకె దగ్గర ఇన్నేళ్లు కలవలేదంటే, కలపడం కష్టమై కాదు.

దాదర్ తెలుగువారికి బంధువులను దింపుకొనే స్టేషన్. హుస్సేన్‌సాగర్, దేవగిరి, కోణార్క్ బండ్లు ఇక్కడ ఆగుతాయి. నాయ్‌గావ్, వర్లీ, లోయర్ పరేల్ చాళ్ల వారు ఊరి నుంచి వచ్చేవారికి ఇక్కడికే ఎదురువచ్చేవారు. ఫోనులో “మూడో నంబరు కాడున్న బావా” అని ఒకరంటే, “నేను సుత మూడో నంబరు కాడనే ఉన్న” అని ఇంకొకరు అనడానికి, ఇద్దరి మాటా నిజం కావడానికి అప్పట్లో వీలున్న స్టేషన్ అది. ఇదే ముంబయిలోని కామాటిపుర గల్లీలకు ఒకటి నుంచి పదిహేను దాకా అంకెలే పేర్లు. తొమ్మిదో గల్లీ రెండుచోట్ల ఉంటే టపా మనిషి ఎన్నాళ్లు ఊరుకునేవాడో బోర్డు వారే ఊహించవచ్చు.

మరి స్టేషన్‌లో ఇన్నేళ్లు ఎలా సాగింది? తప్పు ప్లాట్‌ఫారం మీద నిలబడిన మనిషికి బండి తప్పుతుంది. బండి మాత్రం సమయానికే వెళుతుంది. డ్రైవరు రిజిస్టరులో గానీ, స్టేషన్ మాస్టరు డైరీలో గానీ ఆ నష్టానికి గడి ఉండదు. శాఖ తన లోపలి ఆలస్యాన్ని నిమిషాలతో సహా కొలుస్తుంది. రెండు శాఖల నడుమ పోయిన కాలం ఎవరి పద్దులోకీ ఎక్కదు. పద్దులో లేని నష్టానికి పై అధికారి సంజాయిషీ అడగడు.

2023 డిసెంబరు 9న దాదర్ అంకెలకు జరిగిన మరమ్మతు గమనించదగ్గది. రెండు రైల్వే జోన్లను విలీనం చేయలేదు. పశ్చిమ రైల్వే ఒకటి నుంచి ఏడు దాకా అలాగే ఉంచుకుంది. మధ్య రైల్వే ఒకటి ఎనిమిదైంది, మూడు తొమ్మిదైంది, అలా చివరి ఎనిమిది పద్నాలుగైంది. పాత రెండో నంబరు ఒకటో ప్లాట్‌ఫారాన్ని వెడల్పు చేయడంలోనే కలిసిపోయింది. బోర్డులు, సూచికలు, ప్రకటనలు మార్చుకున్న శ్రమ చాలావరకు ఒక వైపుదే. శాఖలు కలిసి పనిచేయడమంటే ఇద్దరూ సమానంగా సగం సగం దిగిరావడమని సమావేశాల్లో చెబుతుంటారు. దాదర్‌లో అలా జరగలేదు. ఒకరు తమ ఒకటిని వదులుకున్నారు. ఈ మెచ్చుకోలు మధ్య రైల్వేకు ఆలస్యంగానైనా అందాలి.

గోడ రైల్వేల నడుమే ఉంటుందని కాదు. ముంబయిలోనే అంధేరీలో గోఖలే వంతెనను తిరిగి కట్టేటప్పుడు, పట్టాలపై ఉండాల్సిన ఎత్తు కొత్త నిబంధనల వల్ల పెరిగింది. దాన్ని ఆనుకోవలసిన బర్ఫీవాలా ఫ్లైఓవర్ పాత ఎత్తులోనే ఉండిపోయింది. 2024 ఫిబ్రవరిలో వంతెన ఒక వైపు తెరిచేసరికి రెండింటి నడుమ సుమారు మీటరున్నర తేడా తేలింది. ఫ్లైఓవర్‌ను పైకెత్తి కలపడానికి జులై వచ్చింది. నిబంధన మార్చినవారిదీ తప్పు కాదు, పాటించినవారిదీ కాదు. రెండు నక్షాలను ఒకే బల్లపై పరచి చూసే బాధ్యత మాత్రం ఎవరి ఉద్యోగంలోనూ ఉన్నట్టు లేదు.

కనుక బోర్డు వారు శాఖలను రద్దు చేయనక్కర లేదు. సిగ్నళ్లు, డ్యూటీ చార్టులు, పదోన్నతులు ఎవరివి వారి దగ్గరే ఉండనీ. ప్రయాణికుడి కంటికీ చెవికీ తగిలేవి, అంటే అంకె, ప్రకటన, వంతెన మెట్లు, విచారణ కిటికీ, ఇవి రెండు జోన్లు కలిసే ప్రతి స్టేషన్‌లోనూ ఒకే అధికారి సంతకం కిందికి రావాలి. దాంతోపాటు ఫిర్యాదుల రిజిస్టరులో ఒక గడి పెంచాలి. “మా పరిధిలోకి రాదు” అని తిప్పి పంపిన ఫిర్యాదు ఆ తర్వాత ఎవరి పరిధిలోకి వచ్చిందో, ఏ తేదీన వచ్చిందో, తిప్పి పంపిన గుమాస్తాయే అందులో రాయాలి.

ఇట్లు,
దాదర్ వంతెన మీది తెలుగు ప్రయాణికులు