దిగువ పడక పద్యానికి టీకా తాత్పర్యం

అవతారిక

సికింద్రాబాదులో రైలెక్కి కొచ్చిలో దిగి, అక్కడ పడవల మీద తిరిగి, కాస్త సముద్రమూ కాస్త ఊరూ చూసి, ఒళ్లు నొప్పులు లేకుండా ఇల్లు చేరాలని కోరే గృహస్థుల కోసం ఒక అజ్ఞాతకవి చెప్పిన చాటువు ఇది. కవి ఇంటిపేరు తెలియదు. ‘దిగువ’ అన్న మాట మీద ఆయనకున్న మక్కువను బట్టి అరవై దాటినవాడనీ, మోకాళ్లు అరిగినవాడనీ చెప్పుకోవచ్చు. విమానం ఊసు లేదు గనుక విమానాలు రాకముందువాడని కొందరన్నారు. అది నిలిచే వాదం కాదు. కవి 2024కు ఈవలివాడే. అందుకు సాక్ష్యం పద్యం రెండో పాదంలోనే ఉంది.

రైలులోన దిగువ రాత్రిపడకఁ బొంది
పడవ యెక్కి కడలి పక్క నిలిచి
తొందరేమి లేక తోచిన వీధులఁ
దిరుగు వాని సుఖము తెలుపఁ దరమె!

ఆటవెలది. ఇంత పనిలేని విషయానికి ఇంతకన్నా బరువైన వృత్తం మోయడం దండగని కవి ఆశయం.

ప్రతిపదార్థం

రైలులోన = ధూమశకటమునందు (ధూమము ఇప్పుడు లేదు); దిగువ = క్రిందిదైన; రాత్రిపడకన్ = రాత్రి పదింటి నుండి తెల్లవారి ఆరింటి వరకు మాత్రమే పడక అనిపించుకొని, తక్కిన వేళ ముగ్గురు కూర్చుండు బల్ల యగు దానిని; పొంది = అరువది దినముల ముందే సంపాదించి; పడవ ఎక్కి = నావ నధిరోహించి; కడలి పక్కన్ = పడమటి సముద్రపు టొడ్డున; నిలిచి = ఈదక, మునుగక, ఊరక నిలుచుండి; తొందర ఏమి లేక = బావమరిది వెంట లేక; తోచిన వీధులన్ = శుక్ర శనివారములు కానిచో తోచిన వీధులయందు; తిరుగు వాని = తిరిగెడివాని యొక్క; సుఖము = హాయి; తెలుపన్ = చెప్పుటకు; తరమె = శక్యమగునా? (కాదని కాకువు.)

టీక

*రైలులోన దిగువ.* పద్యం ప్రాణమంతా ఈ ‘దిగువ’లో ఉంది. సముద్రం ఎక్కడికీ పోదు, ఊరు ఎక్కడికీ పోదు. దిగువ బెర్తు మాత్రం ఉదయం ఎనిమిదింటికి బుకింగు తెరిచిన కొద్ది నిమిషాల్లో పోతుంది. ఇదివరకు నూటయిరవై రోజుల ముందు టికెట్ తీసే వీలుండేది. 2024 నవంబరు 1 నుంచి దాన్ని అరవై రోజులు చేశారు. ప్రయాణపు రోజును ఆ లెక్కలో కలపరు. పంచాంగం చూసి ప్రయాణం పెట్టుకునేవారు ముందు ఈ లెక్క వేసుకుని, తిథి వార నక్షత్రాలు తర్వాత చూసుకోవాలి.

అరవై నిండిన పురుషులకూ, నలభై అయిదు నిండిన స్త్రీలకూ దిగువ బెర్తుల్లో కొంత కోటా ఉంది. ఇక్కడ చాలామందికి తట్టని సూక్ష్మం ఒకటుంది. ఒక టికెట్‌లో అర్హులు ఒక్కరో ఇద్దరో ఉంటేనే ఆ కోటా వర్తిస్తుంది. అమ్మమ్మ, తాతయ్య, కొడుకు, కోడలు, మనవడు అందరినీ ఒకే టికెట్‌లో వేసి ‘అందరం కలిసి ఉంటాం’ అని మురిసిపోయిన ఇంట్లో తాతయ్యకు పై బెర్తు, ఎనిమిదేళ్ల మనవడికి కింది బెర్తు వస్తే రైల్వేను తిట్టి లాభం లేదు. పెద్దవాళ్లిద్దరికీ వేరే టికెట్ తీయడమే శాస్త్రం. వృద్ధులకిచ్చే చార్జీ రాయితీ 2020 మార్చిలో ఆగిపోయింది. మిగిలింది ఈ కింది పడక ఆశ ఒక్కటే గనుక కవి దాన్నే పట్టుకున్నాడు.

పాఠాంతరాలు రెండున్నాయి. ‘రైలులోన నెగువ’ అన్నది కుర్రకారు పాఠం. పైన పడుకుని ఫోన్ చూసుకోవచ్చునని వాళ్ల వాదం. దాన్ని పెద్దలు ఆదరించలేదు. ‘రైలులోన సగము’ అన్నది రెండోది, ఆర్ఏసీ పాఠం. ఒక సైడు బెర్తు మీద ఇద్దరు అపరిచితులు ఎదురెదురుగా కూర్చుని, ఒకరి మోకాళ్లు ఇంకొకరికి తగలకుండా మర్యాదగా తెల్లవార్లూ మేలుకోవడం అందులోని భావం. ఛందస్సుకు భంగం లేదు, సుఖానికే భంగం. కాబట్టి ‘దిగువ’ అనే పాఠమే గ్రాహ్యం.

ఏ రైలు? సికింద్రాబాదు, గుంటూరు, తిరుపతివాళ్లకు శబరి ఎక్స్‌ప్రెస్. విశాఖ, రాజమండ్రి, విజయవాడవాళ్లకు ధన్‌బాద్ నుంచి అలెప్పి పోయే బండి, జనం నోట ఇప్పటికీ బొకారో. వెయిటింగ్ లిస్టులో ఉన్నవారికి శబరి అన్న పేరు ఒక్కటే ఓదార్పు. ఆవిడా ఏళ్ల తరబడి ఎదురుచూసింది, చివరికి దర్శనమైంది. అయితే నవంబరు నడిమి నుంచి జనవరి నడిమి దాకా, మండల పూజ మొదలు మకర జ్యోతి వరకు, ఆ బండి నిండా నల్లబట్టల స్వాములే ఉంటారు. వాళ్లు నలభై ఒక్క రోజుల దీక్షపట్టి వెళ్తున్నవారు. సముద్రపు గాలికి వెళ్లే మనం వాళ్లతో బెర్తు కోసం పోటీపడటం ధర్మం కాదు, పడినా గెలవం. సంక్రాంతి దాటాక జనవరి చివర, ఫిబ్రవరి మేలు. జూన్ మొదట్లో నైరుతి రుతుపవనం కేరళ ఒడ్డునే ముందు తాకుతుంది, అప్పుడు కడలి పక్క నిలవడం కవి చెప్పిన సుఖంలోకి రాదు.

శంక: విమానంలో గంటన్నరలో పోయేదానికి రాత్రంతా రైలెందుకు?

సమాధానం: సికింద్రాబాదువాడికి శంషాబాదు చేరడమే ఒక ప్రయాణం. అవతల కొచ్చి విమానాశ్రయమున్న నెడుంబాశ్శేరి నుంచి నగరంలోని ఎర్నాకుళం చేరడం మరో ముప్పై కిలోమీటర్ల ప్రయాణం. ఆ రెంటి నడుమ బెల్టు విప్పడం, బెల్టు కట్టడం. రైలువాడికి మర్నాటి పొద్దున కోయంబత్తూరు దాటగానే పడమటి కనుమలు పక్కకు తప్పుకుని దారి ఇచ్చే పాలక్కాడ్ సందు కనిపిస్తుంది. కొండల వరుసలో అంత వెడల్పాటి ఖాళీ మరెక్కడా లేదు. ఎక్కింది తెలియకుండా, దిగింది తెలియకుండా బండి కేరళలో పడుతుంది. నేల రంగు మారుతుంది, టీ కప్పు మీద అక్షరాలు మారతాయి. పొద్దున్నే కింది బెర్తు కిటికీ పక్కన కూర్చున్నవాడికి తప్ప ఇది పై బెర్తువాడికి దక్కదు గనుక ‘దిగువ’ అనే విశేషణం ఇక్కడ సాభిప్రాయం. పరికరాలంకారమని గ్రహించాలి.

*పడవ యెక్కి.* ఎర్నాకుళానికీ ఫోర్ట్ కొచ్చికీ నడుమ కాయలు, అంటే మలయాళంలో ఉప్పునీటి వెనుకజలాలు. వంతెనల మీద బస్సు పోతుంది, ఆటో పోతుంది. అయినా కవి ‘పడవ’ అనే అన్నాడు. ఏ పడవ? ఎర్నాకుళం బోటు జెట్టీ నుంచి ప్రభుత్వ జలరవాణా శాఖ పడవలు ఎన్నో ఏళ్లుగా ఫోర్ట్ కొచ్చికీ మట్టంచేరికీ తిరుగుతున్నాయి. టికెట్ ధర టీ ధరను మించదు. ఆఫీసు గుమస్తాలు, బడి పిల్లలు, చేపల బుట్టలు, సైకిలు ఒకటీ అరా. గాలి ఉచితం. ఊరి ముఖం చూడాలంటే నా ఓటు దీనికే. అయితే జెట్టీకీ పడవ అంచుకూ నడుమ ఒక అడుగు ఎత్తో పల్లమో ఉంటుంది, అది పోటును బట్టి మారుతుంది. పడవవాడు చెయ్యి అందిస్తాడు, మోకాలు మాత్రం మనదే.

రెండోది నీటి మెట్రో. 2023 ఏప్రిల్ 25న మొదలైంది. కొచ్చి షిప్‌యార్డు కట్టిన విద్యుత్ పడవలు, ఏసీ, కనీస చార్జీ 20 రూపాయలు. ఎక్కడానికున్న తేలియాడే వేదిక పడవతో పాటే పోటుకు లేచి ఆటుకు దిగుతుంది. అందుచేత వేదికా పడవ నేలా ఎప్పుడూ ఒకే మట్టంలో ఉంటాయి. చక్రాల కుర్చీ సైతం దొర్లుకుంటూ లోపలికి పోతుంది. మోకాళ్లు అరిగిన మన కవి ఇంత ధీమాగా ‘యెక్కి’ అన్నాడంటే ఈ పడవనే ఎక్కి ఉండాలి. హైకోర్టు రేవు నుంచి ఫోర్ట్ కొచ్చికి ఇది నడవడం మొదలైంది 2024 ఏప్రిల్‌లో. కవి కాల నిర్ణయానికి అవతారికలో చెప్పిన సాక్ష్యం ఇదే. మనుషుల్ని లెక్కపెట్టి ఎక్కిస్తారు గనుక శని ఆదివారాల సాయంత్రాలు వరుసలో నిలబడాల్సి వస్తుంది. ఆ నిలబడటానికి ‘నిలిచి’ అన్న మాటతో సంబంధం లేదు.

మూడోది జంకార్. ఫోర్ట్ కొచ్చి నుంచి వైపిన్ దీవికి కార్లనూ బైకులనూ మనుషులనూ కలిపి కొద్ది నిమిషాల్లో దాటించే బల్లకట్టు. గోదావరి మీద పంటు ఎక్కిన కోనసీమవాళ్లకు కొత్తగా చెప్పనక్కర్లేదు. అవతల బస్సెక్కితే చెరాయి బీచి.

*కడలి పక్క నిలిచి.* ‘కడలి మునిగి’ అన్నా గణాలు సరిపోయేవి, యతి మాత్రం చెడేది. యతి కోసమే ‘పక్క’ అన్నాడని ఆక్షేపించేవారు ఫోర్ట్ కొచ్చి ఒడ్డు చూసి ఉండరు. అక్కడి ఇసుకను సముద్రం చాలావరకు కోసుకుపోయింది, మిగిలింది నడక బాటా రాళ్ల కట్టా. అది నిలబడవలసిన సముద్రమే. నిలబడితే కనిపించేది తక్కువేం కాదు. చీనా వలలు ఉన్నాయి. పెద్ద దూలం చివర వల, ఇవతలి కొసన తాళ్లకు కట్టిన బండరాళ్లు, నలుగురైదుగురు కలిసి లాగితే వల పైకి లేస్తుంది. చాలాసార్లు అందులో పడే చేపలు లాగినవాళ్ల కంటే తక్కువే. వల వెనకే రేవులోకి పోయే ఓడ, మేడంత ఎత్తున, చెయ్యి చాస్తే అందేలా పోతుంది. ఎందుకంటే ఓడల దారి ఈ మొగలోంచే. 1341లో పెరియార్‌కు వచ్చిన వరదకు పాత ముసిరిస్ రేవు పూడి, కొచ్చి మొగ తెరుచుకుందంటారు. ఆ మొగకు అడ్డంగా ఉన్న ఇసుక మేటను 1920ల్లో రాబర్ట్ బ్రిస్టో అనే ఇంజనీరు తవ్వించాడు. తవ్విన మట్టితోనే విల్లింగ్డన్ దీవి లేచింది. పడవలో పోతూ చూసే ఆ దీవి మనిషి పోసిన మట్టి.

మరొకటి. మచిలీపట్నం, కాకినాడ, విశాఖవాళ్లకు సూర్యుడు సముద్రంలోంచి పుట్టడమే తెలుసు. సముద్రంలోకి దిగడం చూడాలంటే ఈ ఒడ్డుకే రావాలి. దీనికి తెల్లవారుజామున లేవనక్కర్లేదు. సాయంకాలం టీ తాగి తీరిగ్గా వచ్చినా అందుతుంది. కాళ్లు తడుపుకోవాలని పట్టుబట్టే పిల్లలకు చెరాయి మేలు. ఒకపక్క కాయలు, ఒకపక్క కడలి, నడుమ రోడ్డు.

*తొందరేమి లేక.* ఇక్కడ పూర్వపక్షంగా బావమరిది నిలుస్తాడు. అతని దగ్గర నాలుగు రోజుల పట్టిక ఉంది: మొదటి రోజు కొచ్చి, మున్నారు, రెండో రోజు తేక్కడి, మూడో రోజు అలెప్పి హౌస్‌బోటు, నాలుగో రోజు గురువాయూరు, వీలైతే అదిరపిల్లి. ‘అంత దూరం వెళ్లి చూడకుండా రావడమేమిటి బావా?’ అని అతని హేతువు. మున్నారు కొచ్చికి నూట ముప్పై కిలోమీటర్లు, అందులో సగం మలుపుల ఘాట్ రోడ్డు. పోను నాలుగు గంటలు, రాను నాలుగు గంటలు, నడుమ వాంతుల బిళ్లలు. సముద్రం, ఊరు, పడవ మూడే చాలని కవి సిద్ధాంతం. నాలుగోది కలిపితే మొదటి మూడూ కారు అద్దంలోంచి చూసినవవుతాయి. బావమరిదిని నొప్పించకుండా ఒప్పించే ఉపాయం కవి చెప్పలేదు. నేనూ చెప్పలేను. అతని పెళ్లిచూపులు ఆ వారమే పెట్టించడం ఒక మార్గమని ఇంట్లోవాళ్లు అంటారు.

*తోచిన వీధుల.* తోచినట్టు తిరగడానికి కూడా వారం చూసుకోవాలి. మట్టంచేరి కోటకు శుక్రవారం సెలవు. యూదుల వీధిలోని పరదేశి సినగాగ్‌కు శనివారం సెలవు, శుక్రవారం మధ్యాహ్నానికే మూసేస్తారు. శుక్రవారం ఉదయం దిగి శనివారం సాయంత్రం రైలెక్కే ఉద్యోగి, వరస తప్పితే, రెండు తాళాలు చూసి వస్తాడు. కోట సంగతి చమత్కారం. 1555 ప్రాంతంలో పోర్చుగీసువాళ్లు కట్టి కొచ్చి రాజుకిచ్చారు, 1663లో డచ్చివాళ్లు బాగుచేశారు, పేరు మాత్రం డచ్చి ప్యాలెస్. కట్టినవాడు పోయి సున్నం వేసినవాడి పేరు నిలిచింది. లోపలి గోడల మీద రామాయణమంతా రంగుల్లో ఉంది. వెనకాల పిల్లలు ‘ఇంకెంతసేపు’ అంటున్నా ఇక్కడ ఆగాలి. సినగాగ్ 1568 నాటిది. నేల మీద పరిచిన చీనా పలకల్లో ఏ రెండూ ఒకలా ఉండవంటారు. చెప్పులు విప్పి వాటి మీద నడవడం మనవాళ్లకు అలవాటైన పనే.

ఫోర్ట్ కొచ్చిలోని సెయింట్ ఫ్రాన్సిస్ చర్చిలో వాస్కోడగామాను పాతిపెట్టిన చోటు చూపిస్తారు. 1524లో కొచ్చిలోనే కన్నుమూశాడు. 1539లో అస్థికల్ని పోర్చుగల్ చేర్చారు. తిరుగు ప్రయాణం కన్ఫర్మ్ కావడానికి పదిహేనేళ్లు పట్టిందన్నమాట. ‘తొందరేమి లేక’ అన్నదానికి చరిత్రలో ఇంతకన్నా మంచి ఉదాహరణ దొరకదు.

భోజనం గురించి కవి మౌనం వహించాడు. ఆ మౌనం వెనక మట్ట బియ్యం ఉంది. ఎర్రగా, లావుగా, గింజ గింజకూ వ్యక్తిత్వంతో ఉండే ఆ అన్నం మీద సోనామసూరి నాలుక రెండో పూటకు తిరగబడుతుంది. అప్పం, పుట్టు కడల, కరిమీన్ తినేవారికి లోటు లేదు. పప్పు లేదని అలిగేవారు ఆవకాయ సీసా పెట్టుకోవాలి, మూత బిగువు ఇంట్లోనే చూసుకోవాలి.

తాత్పర్యం

అరవై రోజుల ముందు ఎనిమిదింటికి లేచి, పెద్దవాళ్లిద్దరి పేరా వేరే టికెట్‌లో కింది బెర్తు తీసుకుని, సంక్రాంతి రద్దీ దాటాక బయల్దేరి, పడవ మీద ఫోర్ట్ కొచ్చి చేరి, పడమటి ఒడ్డున సూర్యుడు దిగేదాకా నిలబడి, శుక్ర శనివారాలు తప్పించి వీధుల్లో తిరిగినవాడి హాయి చెప్పనలవి కాదని కవి హృదయం.

విశేషాంశం

‘తిరుగు వాని’ అన్నచోట వ్యాఖ్యాతలు చీలిపోయారు. ‘వీధుల్లో తిరిగేవాని’ అని మేము రాశాం. ‘తిరుగు ప్రయాణం చేసేవాని’ అని ఇంకొందరు. వాళ్ల వాదం కొట్టిపారేయదగ్గది కాదు. తిరుగు టికెట్ లేకుండా సముద్రం పక్క నిలబడ్డవాడి మనసు సూర్యుడి మీద ఉండదు, వెయిటింగ్ లిస్టు మీద ఉంటుంది. అరవై రోజుల లెక్క ఆ బండికీ వర్తిస్తుంది గనుక రెండు టికెట్లూ ఒకే ఉదయం తెరుచుకోవు. రెండు ప్రయాణాలకూ నడుమ ఎన్ని రోజుల ఎడమో, అన్ని రోజుల తర్వాత మళ్లీ ఎనిమిదింటికి ఫోన్ పట్టుకుని కూర్చోవాలి. పద్యంలోని ‘తొందరేమి లేక’ ఆ రెండు ఉదయాలకూ వర్తించదు.